గాజులకు దస్తీ కట్టి చెప్పిన హత్యలు

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఏదో కంపెనీలో కొత్తగా ఉద్యోగంలో చేరిందట. చూపు లేనివాళ్ల కోసం సినిమాలో తెర మీద జరిగేదాన్ని మాటల్లో రాయడం పని. "మీరు ఏళ్ల తరబడి ఇదే చేశారట కదా మేడం, ఏమైనా టిప్స్ చెప్పండి" అంది. నాకు నవ్వొచ్చింది. నేను చేసింది తెలుగు టీచర్ ఉద్యోగం, హన్మకొండలో చూపు లేని పిల్లల హాస్టల్ బడిలో. ఆ అమ్మాయి అడుగుతున్నది నా ఆదివారం పని గురించి. దానికి జీతం లేదు, ఆర్డరు లేదు, సర్వీసు రిజిస్టర్‌లో ఒక్క అక్షరం లేదు. అయినా నాకు ఉద్యోగం నేర్పింది అదే.

చాయ్ చల్లారేదాకా చెప్పాను, సగం కూడా అయిపోలేదు. అందుకే రాస్తున్నాను. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఉండవు, అవి అందరికీ ఉండేవే. ఇందులో హత్యలుంటాయి. ఒక డిటెక్టివ్ ఉంది, తొమ్మిదో తరగతి. ఒక నిర్దోషి ఉంది. దోషి ఎవరో మాత్రం ఇప్పుడే చెప్పను, ఇన్నేళ్లు చెప్పకుండా ఉండడం నేర్చుకున్న మనిషిని.

మొదటి శవం

మా బడికి ఎవరో దాత ఒక టీవీ, ఒక వీసీఆర్ ఇచ్చారు. చూపు లేని పిల్లలకు టీవీ ఎందుకని స్టాఫ్ రూములో అందరూ నవ్వుకున్నారు. పెద్దసారు, అంటే మా హెడ్మాస్టరు, దాన్ని లైబ్రరీ గదిలో పెట్టించి తాళం వేయించారు. నేనే అడిగి ఆదివారాలు తెరిపించాను. మొదట రెండు మూడు భక్తి సినిమాలు వేశాను. పిల్లలు పాటలప్పుడు లేచి, మాటలప్పుడు నిద్రపోయారు.

ఒక వారం చౌరస్తాలో క్యాసెట్ల దుకాణం ఆయన దగ్గర నేనడిగింది లేదు. ఇది తీసుకపోండి మేడం, ఎవరూ అడగరు అని ఒక పాత బ్లాక్ అండ్ వైట్ సినిమా ఇచ్చాడు. పెద్ద బంగళా, మేడమెట్లు, పార్టీ, లైట్లు ఆరిపోతాయి, కేక, లైట్లు వెలుగుతాయి, జమీందారు కింద పడి ఉంటాడు. అంతే! అరవై మంది పిల్లలు ఊపిరి బిగబట్టారు. దగ్గు కూడా లేదు. నేను పన్నెండేళ్ల సర్వీసులో ఏ పాఠానికీ అంత నిశ్శబ్దం వినలేదు.

సినిమా అయ్యాక ఒకమ్మాయి లేచింది. పేరు స్వరూప, ఖిలా వరంగల్‌లో కొబ్బరిబోండాలు అమ్మే ఆయన బిడ్డ. పుట్టుకతోనే చూపు లేదు. "టీచర్, ఈ సినిమాల రంగులు లేవంట గదా. అయితే ఇయ్యాల మీరూ మేమూ సమానమే" అంది. వచ్చే వారం కూడా హత్యే కావాలని అందరూ చేతులెత్తారు.

ఇక ఊరంతా వెతికి అవే తెచ్చాను. ఈ సినిమాలన్నింటిలో ఒక మనిషి ఉంటాడు. పోలీసు కాదు. ఒకదాంట్లో దర్జీ, ఒకదాంట్లో పాటలు నేర్పే మాస్టారు, ఇంకోదాంట్లో ఉత్తరాలు పంచే ఆయన. ఇన్‌స్పెక్టర్ బూట్లు టకటకలాడిస్తూ వచ్చి తప్పు మనిషికి బేడీలు వేస్తాడు. ఈయన ఒక మూల నిలబడి చూస్తుంటాడు. చివరికి అందరినీ ఒక హాల్లో కూర్చోబెట్టి, ఫలానా వాడు అని వేలు చూపిస్తాడు. మా పిల్లలకు ఆయనంటే ప్రాణం. ఎందుకని అడిగితే స్వరూపే చెప్పింది. ఆయనకు తుపాకి లేదు, జీపు లేదు, ఊరికే వింటాడు, గుర్తు పెట్టుకుంటాడు, అది తమకూ వచ్చని.

మొహం చెప్పుండ్రి

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు చేసే మొదటి తప్పు నేనూ చేశాను. తెర మీద డాక్టర్ వస్తే "డాక్టర్ అనుమానంగా చూశాడు" అన్నాను.

"అనుమానంగ అంటే మొహం ఎట్ల పెట్టిండు టీచర్?" అంది స్వరూప. "మీరు మొహం చెప్పుండ్రి. అనుమానం మేం పడ్తం."

నాకు చురుక్కుమంది, కోపమూ వచ్చింది. నేను తెలుగు పండితురాలిని, నాకు మాటలు నేర్పుతుందా అనుకున్నాను. రాత్రి అన్నం తింటూ ఆలోచిస్తే పిల్ల చెప్పింది నిజం. నేను చూసింది ఒక కనుబొమ్మ పైకి లేవడం. అనుమానం నేను కలిపింది. ఆ తర్వాత నుంచి కనుబొమ్మ లేస్తే కనుబొమ్మ లేచిందనే చెప్పాను. నిజం చెప్పాలంటే బి.ఎడ్.లో నాకెవరూ ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

రెండో సంగతి. మాటల మీద మాట చెప్పకూడదు. పాత్రలు మాట్లాడుతుంటే మనం నోరు మూసుకోవాలి, వాళ్లు ఆగిన సందులో చెప్పాలి. ఆ సందు ఎక్కడుందో ముందే తెలియాలి కదా! అందుకని నేనొక ఏర్పాటు చేసుకున్నాను. శనివారం సాయంత్రం పిల్లలు భోజనాలకు వెళ్లాక లైబ్రరీ గదికి వచ్చి, సౌండు పూర్తిగా తగ్గించి, సినిమాను ఒకసారి గబగబా చూసుకునేదాన్ని. తర్వాత రీవైండ్ చేసి క్యాసెట్ సంచిలో వేసుకుని వెళ్లేదాన్ని.

ఇందులో తప్పేం లేదు. తప్పు ఎక్కడుందంటే, ఆ సంగతి పిల్లలకు చెప్పలేదు. ఆదివారం పొద్దున కూర్చుని "నాకేం తెలుసు, నేనూ ఇప్పుడే చూస్తున్నా" అనేదాన్ని. చూడగానే చెప్పగలుగుతోంది టీచరు అని పిల్లలు మెచ్చుకుంటుంటే బాగుండేది. దాచేదేముంది, గొప్ప కోసం.

ఈ రహస్యం తెలిసింది ఒక్క కొమురమ్మకే. కొమురమ్మ మా బడిలో టెంపరరీ ఆయా, నర్సంపేట దగ్గరి పల్లె. మంచినీళ్లు నింపుతుంది, గదుల తాళాలు ఆమె బొడ్లో ఉంటాయి. మొగుడు మిర్చి బస్తాలు మోస్తూ జారిపడి నడుం విరగ్గొట్టుకుంటే ఆమె జీతం మీదే ఇల్లు గడుస్తోంది. నోరు మాత్రం ఆగదు. ఆదివారం పిల్లల వెనక కూర్చుని చింతపండు గింజలు తీస్తూ, అందరికంటే ముందు వీడే చంపిండని ప్రతి పాత్రనూ అనుమానించేది. తాళం తీసిన మొదటి శనివారమే ఆమెతో, నేను వచ్చి చూస్తున్నట్టు ఎవరికీ చెప్పకు అన్నాను. చెప్ప టీచరమ్మా అంది.

నన్నే పట్టుకున్నారు

ఇక పిల్లలు పందేలు మొదలుపెట్టారు, ఇంటర్వెల్ లోపల హంతకుడెవరో చెప్పాలని. స్వరూప వరసగా నాలుగు సినిమాల్లో చెప్పేసింది. నాకు ఒళ్లు పులకరించింది. ఈ పిల్ల బుర్ర మామూలుది కాదని స్టాఫ్ రూములో అందరికీ చెప్పాను. ఐదోసారి కూడా సరిగ్గా చెప్తే ఎలా కనిపెట్టావు తల్లీ అని అడిగాను. నవ్వింది.

"సినిమాల ఎవ్వర్నీ పట్టుకోలేదు టీచర్. మిమ్మల్నే పట్టుకున్నం. హంతకుడు రాంగనే మీ గాజులు గలగలమంటయి."

పిల్లలందరూ గొల్లుమన్నారు. అందరికీ తెలుసట! హంతకుడు తెర మీదికి రాగానే నేను కొంగు సర్దుకుంటానట. మీకు ముందే ఎలా తెలుస్తుంది టీచర్ అని ఎవరో అడిగితే అనుభవం అన్నాను. అనుభవం!

పై వారం గాజులకు దస్తీ చుట్టి గట్టిగా ముడి వేసుకుని కూర్చున్నాను. కుర్చీ కిర్రుమంటుందని నేల మీదే కూర్చున్నాను. గొంతు ఒకే తీరుగా పెట్టాను. ఇంటర్వెల్‌కు స్వరూప, చంపింది మేనేజరు అంది. మేనేజరే. ఈసారి ఎలాగంటే, అందరి చొక్కాలూ చెప్పారట, అందరి మీసాలూ చెప్పారట, ఒక్క మేనేజరు దగ్గరికి వచ్చేసరికి పేరు చెప్పి ఊరుకున్నారట. నేను దాచే కొద్దీ బయటపడుతోంది! ఆ పూట నాకు కలిగిన సంతోషం ఏ అవార్డుకూ కలగలేదు. ఒక పిల్ల నా మౌనాన్ని కూడా చదువుతోంది.

తడిసిన వీసీఆర్

వానాకాలం. ఆ శనివారం సాయంత్రం పెద్ద వాన. గొడుగు వేసుకుని వచ్చాను, కొమురమ్మ తాళం తీసి వంటింటికి వెళ్లిపోయింది. వీసీఆర్ మీద మా కుట్టు క్లాసు పిల్లలు కుట్టిన మందపాటి గుడ్డ కవరు ఉంటుంది. అది తీసి మడిచి బల్ల మీద పెట్టాను. సినిమా చూశాను, రీవైండ్ చేశాను, పెద్దసారు స్కూటరు చప్పుడు వినపడితే గబగబా కవరు కప్పేసి బయటపడ్డాను. వెళ్తుంటే కొమురమ్మ బిందెతో వరండాలో ఎదురైంది.

ఆదివారం పొద్దున పిల్లలు జంపఖానా మీద వరుసగా కూర్చున్నారు. టీవీకి దగ్గర కూర్చుంటుంది కాబట్టి కవరు తీసి మడత పెట్టే పని స్వరూపది. తీసింది. నేను స్విచ్చి వేశాను. చిటపట, కాలిన వాసన, అంతే. మెకానిక్ వచ్చి విప్పి, లోపలికి నీళ్లు పోయినయి సార్ అన్నాడు.

పెద్దసారు చెడ్డ మనిషి కాదు. కానీ ఏదైనా పాడైతే ఎవరో ఒకరు బాధ్యులుగా తేలాలి ఆయనకు, అది కూడా వారం లోపల. తాళం ఎవరి దగ్గరుంది? కొమురమ్మ దగ్గర. ఆ గదిలో కుండ నింపేది ఎవరు? కొమురమ్మ. నన్ను పిలిచి శనివారం మీరు ఆ గదికి వెళ్లారా అని అడిగారు.

"లేదు సార్" అన్నాను.

అలా ఎందుకన్నానని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. నేను చేసిన తప్పును దాస్తున్నానని నాకు తెలియదు. ముందే సినిమా చూస్తానన్న సంగతి దాస్తున్నానంతే. ఆ చిన్న గొప్ప పోతుందని. పోనీ అక్కడితో ఆగానా? మీరు చూసింది రాసివ్వండి అంటే "కొమురమ్మ బిందెతో లైబ్రరీ గదిలోంచి రావడం చూశాను" అని రాసి సంతకం పెట్టాను. నేను చూసింది వరండాలో. గదిలోంచి అన్నది నేను కలిపింది.

పెద్దసారు కొమురమ్మను పిలిచి, ఇక రావద్దని, గురువారం తాళాలు అప్పగించి వెళ్లమని చెప్పారు. ఆమె ఏమీ అనలేదు. మొగుడి మందులకు ఎట్లా అని కూడా అనలేదు. నేను జాలిపడ్డాను, చూడండి నా తెలివి! పెద్దసారుతో ఒకసారి మాట్లాడతాలే అని ఆమెకు ధైర్యం చెప్పాను. ఆమె నా మొహం వంక చూసి, ఫికర్ చేయకుండ్రి టీచరమ్మా అంది.

స్వరూప ప్రశ్నలు

బుధవారం మధ్యాహ్నం స్టాఫ్ రూములో నేనొక్కదాన్నే ఉన్నాను. స్వరూప గోడ పట్టుకుని వచ్చి నా బల్ల ముందు నిలబడింది. సినిమాల్లో లాగా అందరినీ కూర్చోబెట్టి చెప్పాలనే ఉందట, కానీ నాకొక్కదానికే చెప్తానంది. నేను సంబరపడ్డాను. కొమురమ్మ తప్పు లేదని ఈ పిల్ల తేలుస్తుందేమోనని ముందుకు జరిగి కూర్చున్నాను.

ఒక్కొక్కటే చెప్పింది. ఆదివారం తను తీసినప్పుడు కవరు గుడ్డ తడిసి బరువుగా ఉందట. కింద జంపఖానా మాత్రం పొడిగా ఉందట. బిందె ఒలికితే రెండూ తడవాలి, ముసురు పట్టిన రోజుల్లో జంపఖానా ఒక్క రాత్రిలో ఆరదు. కాబట్టి బిందె కాదు, తడిసిన వస్తువేదో ఆ గుడ్డ మీద ఉంది. రెండోది, దుకాణం నుంచి వచ్చే క్యాసెట్‌ను ఎవరూ తిప్పి ఇవ్వరు. వాళ్లింటి పక్కన ఎప్పుడు సినిమా వేసినా ముందు గిర్రున తిరిగే చప్పుడు చాలాసేపు వస్తుంది. మా బడిలో చాన్నాళ్లుగా ఏ ఆదివారమూ ఆ చప్పుడు రాలేదు. అంటే ముందురోజే ఎవరో చూసి, తిప్పి పెడుతున్నారు.

"మూడోది కొమురమ్మ టీచర్" అంది. "కొమురమ్మ ఊకునే మనిషా? చిన్న మాటంటే పది మాటలంటది. ఇంత పెద్ద మాట పడ్డా నోరు తెరుస్తలేదు. ఎవరికో మాట ఇచ్చింది." బల్ల మీదికి వంగింది. "టీచర్, మీరు గొడుగు ఏడ పెట్టిన్రు?"

అప్పుడు గుర్తొచ్చింది. నేల మీద పెడితే జంపఖానా తడుస్తుంది, తెల్లారి పిల్లల కాళ్లకు తడి తగిలితే ఎవరో వచ్చారని తెలిసిపోతుంది. అందుకని తడి గొడుగును మడిచిన గుడ్డ మీద పెట్టాను. పోయేటప్పుడు గొడుగు చేతిలోకి తీసుకుని, ఆ గుడ్డే మళ్లీ వీసీఆర్ మీద కప్పాను. రాత్రంతా నీళ్లు లోపలికి దిగాయి.

కొంగు సర్దుకున్నాను. గాజులు గలగలమన్నాయి. స్వరూప ఇంకేమీ అడగలేదు. దానికి జవాబు వచ్చేసింది. ఎవరితోనూ చెప్పనని, నన్నే చూసుకోమని చెప్పి, మళ్లీ గోడ పట్టుకుని వెళ్లిపోయింది.

రెండు వాక్యాలు

గురువారం దాకా ఆగలేదు. లేచి సరాసరి పెద్దసారు గదికి పోయాను. కొమురమ్మ అక్కడే ఉంది, తెల్లారి అప్పగింత కోసం ముందే తాళాల గుత్తి బల్ల మీద పెట్టి, ఏ తాళం ఏ గదిదో చెప్తోంది. ఆమె ముందే చెప్పాను. శనివారం గదికి వెళ్లానని, గొడుగు నాదని, అబద్ధం నాదని.

పెద్దసారు నా కాగితం తీసి మళ్లీ చదివారు.

"ఇందులో చూశాను అని రాశారు కదమ్మా."

"చూడలేదు సార్. అనుకున్నాను."

ఆయన కాగితం చించలేదు, తిట్టలేదు. ఇంకో తెల్ల కాగితం ఇచ్చి, చూసింది మాత్రమే రాయమన్నారు. రెండు వాక్యాలు వచ్చాయి. నా సర్వీసులో రాసిన అన్ని కాగితాల్లోకీ కష్టమైనది అదే. నాకు మెమో ఇచ్చారు, ఇవ్వాల్సిందే. వీసీఆర్ నేనే బాగుచేయించాను. తాళాల గుత్తిని పెద్దసారు తన చేత్తో తీసి కొమురమ్మకు ఇచ్చారు.

వరండాలో ఆమె చేయి పట్టుకుని ఏడ్చాను. ఉద్యోగం పోతుంటే ఎందుకు చెప్పలేదే, నేను గదిలో ఉన్నానని ఒక్క మాట అంటే అయిపోయేది కదా అన్నాను.

"చెప్పొద్దన్నరు గదా టీచరమ్మా" అంది. అదేదో మామూలు సంగతైనట్టు.

నేను రోజుకు ఆరు పీరియడ్లు నీతిపద్యాలు చెప్పేదాన్ని. ఆ మాట ముందు నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎవరికీ తెలియని సినిమా

ఈ పనిలోకి వచ్చే పిల్లలకు నేను చెప్పేది ఇంతే. కనిపించింది చెప్పండి, తెలిసింది చెప్పకండి. మీకు కథ ముందే తెలిసి ఉంటే, తెలుసని ఒప్పుకుని మొదలుపెట్టండి. చూపు లేనివాళ్లకు ఏమీ తెలియదనుకుని ఒక్క చిన్న అబద్ధం ఆడినా, దాన్ని వినేవాళ్లు మీకంటే ముందే వింటారు. హైదరాబాదు అమ్మాయి ఇదంతా ఫోనులో రాసుకుంది. మీ కంపెనీలో రాసిన ప్రతి ముక్కనూ చూపు లేని మనిషికి వినిపించి ఒప్పించుకున్నాకే బయటికి పంపండి అన్నాను. మా దగ్గర ఆ పని చేసే మేడం చాలా స్ట్రిక్ట్ అండీ, ఖిలా వరంగల్ ఆవిడే, మిమ్మల్ని కలవమన్నది కూడా ఆవిడే అంది. పేరు అడగబోయి ఊరుకున్నాను. ఆ మాత్రం నేనూ కనిపెట్టగలను.

మళ్లీ ఆ రోజులకే వస్తాను. వీసీఆర్ బాగైన ఆదివారం పిల్లలందరికీ జరిగింది మొత్తం చెప్పాను, ఒక్కటీ వదల్లేదు. దుకాణం ఆయన ఇచ్చిన క్యాసెట్‌ను పెట్టెలోంచి వాళ్ల ముందే తీశాను. దాన్ని తిప్పడానికే చాలాసేపు పట్టింది, గిర్రుమని చప్పుడు వస్తుంటే పిల్లలు చప్పట్లు కొట్టారు. చాన్నాళ్ల తర్వాత నాకూ హంతకుడెవరో తెలియదు! ఎంత ఉత్సాహమో చెప్పలేను. సందులు తప్పాను, మాటల మీద మాట చెప్పాను, ఎవరూ ఏమీ అనలేదు. ఇంటర్వెల్‌కు నేను డాక్టరే అని పందెం కాశాను. స్వరూప, చనిపోయినాయన అన్నగారు, చేతికర్రతో కుంటే ఆయన అంది. కేక వినపడక ముందు మేడమెట్ల మీద అడుగుల చప్పుడు ఉంది, కర్ర చప్పుడు లేదట, నడవగలిగినవాడు కుంటుతున్నాడట. అన్నగారే! నేను ఓడిపోయి పిల్లలకంటే గట్టిగా అరిచాను.

కానీ అదంతా తర్వాత. అంతకు ముందు, సినిమా మొదలుపెట్టడానికి నేను స్విచ్చి మీద వేలు పెట్టాను. అలవాటుగా గాజులకు దస్తీ చుట్టుకోబోయి, ఇక అవసరం లేదని పక్కన పెట్టాను. వెనక నుంచి, చింతపండు గింజలు తీస్తూ, కొమురమ్మ అడిగింది.

"టీచరమ్మా, గొడుగు బయట పెట్టిన్రా?"

అరవై మంది పిల్లలు పడీపడీ నవ్వారు. ఆ రోజు వాన లేదు, నేను గొడుగే తేలేదు. అయినా లేచి వరండాలోకి వెళ్లి ఒకసారి చూసి వచ్చాను.